వరదొచ్చినా, కోర్టు ఉత్తర్వొచ్చినా: పెట్ థెరపీ సంస్థ ఎంతవరకు సర్దుకోవాలి?

2025 ఒక్క ఏడాదిలోనే గోదావరి జిల్లాల్లో జంతువులతో పనిచేసేవాళ్లకు మూడు గట్టి కుదుపులు తగిలాయి. ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్టు తేలింది. అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మరో పది రోజులకు, నవంబర్ 7న, ఆస్పత్రులు, విద్యాసంస్థలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

కుక్కను వెంటబెట్టుకుని వృద్ధాశ్రమానికో, ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రానికో వెళ్లే చిన్న సేవాసంస్థ ఇలాంటి ఏడాదిని ఎలా గట్టెక్కుతుంది? పరిస్థితిని బట్టి సర్దుకుపోవాలని ఎవరైనా చెబుతారు. దేన్ని సర్దుకోవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అన్న దగ్గరే పేచీ అంతా. రోజు, చోటు, పద్ధతి, చివరికి జంతువు కూడా మారవచ్చు. టీకాలు, జంతువు ఇష్టాయిష్టాలు, ఎవరికోసం ఏం చేస్తున్నామన్న స్పష్టత మాత్రం మారకూడదు. పైనుంచి చూస్తే ఈ గీత తేలిగ్గానే కనిపిస్తుంది. డెల్టాలో దిగి చూస్తే అంత తేలిక కాదు.

థెరపీ ఏది, పలకరింపు ఏది

పెట్ థెరపీ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు నడుస్తుంటాయి. పక్షవాతం వచ్చిన తాతగారి చేత ఫిజియోథెరపిస్టు కుక్క వీపు దువ్వించి, చెయ్యి పోయిన వారం కంటే ఎంత పైకి లేచిందో రాసుకుంటే అది థెరపీ. ఒక లక్ష్యం ఉంది, చదువుకున్న నిపుణుడు ఉన్నాడు, లెక్క ఉంది. అదే కుక్క హాల్లో అరగంట తిరిగి అందరిచేతా తల నిమిరించుకుని వెళ్తే అది పలకరింపు. రెండోది తక్కువదేం కాదు, కానీ దాన్ని వైద్యం అనకూడదు. మనుషులకూ జంతువులకూ ఉన్న సంబంధంమీద పనిచేసే ఐఏహెచ్ఏఐఓ అనే అంతర్జాతీయ సమాఖ్య 2014లో ఇచ్చిన నిర్వచనాల్లో ఈ తేడాను స్పష్టంగా రాసింది.

వీటికి తోడు సర్వీస్ కుక్క వేరే ఉంది. చూపులేనివారికి దారి చూపించే కుక్క ఒక్క మనిషి కోసమే శిక్షణ పొందుతుంది. థెరపీ కుక్క అలా కాదు, తన యజమానితో కలిసి వెళ్లి పదిమందిని చూసి వస్తుంది.

ఈ తేడా సంస్థకు ఎప్పుడు అక్కరకొస్తుందంటే, మార్పు వచ్చినప్పుడు. వారం వారం వచ్చే ఫిజియోథెరపిస్టు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు అనుకుందాం. కుక్క అదే, ఆశ్రమం అదే, బుధవారం అదే. కానీ ఆ రోజు నుంచి జరిగేది థెరపీ కాదు, పలకరింపు. కార్యక్రమం ఆపనక్కర్లేదు. దాతలకు పంపే నివేదికలో, గోడమీద బ్యానర్లో మాట మార్చాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. పేరు పాతదే ఉంచి పని మార్చేస్తారు.

ఎంతవరకు రుజువైంది

అమెరికాలో పిల్లల మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ గదిలో ఉన్నప్పుడు మాట పెగలని పిల్లవాడు దగ్గరకు రావడం గమనించి, 1962లో దానిమీద వ్యాసం ప్రచురించాడు. హాంకాంగ్‌లో 1991లో పెంపుడు కుక్కల్ని ఆస్పత్రులకు, ఆశ్రమాలకు తీసుకెళ్లే డాక్టర్ డాగ్ కార్యక్రమం మొదలైంది, తర్వాత ఆ పద్ధతి మన చెన్నైకీ వచ్చింది. అంటే ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు.

అలాగని రుజువులు గుట్టలుగా లేవు. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవాళ్లమీద జరిగిన పెట్ థెరపీ పరీక్షలను, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ 2019లో సమీక్షించింది. సమీక్షకు పనికొచ్చినవి 9 పరీక్షలు, అన్నింటిలో కలిపి 305 మంది. దిగులు కొద్దిగా తగ్గవచ్చు, మిగతా విషయాల్లో గట్టిగా చెప్పలేం అన్నది దాని సారం. ఇష్టపడేవాళ్లు మొదటి సగం చెబుతారు, వద్దనేవాళ్లు రెండో సగం చెబుతారు. రెండూ కలిపి చెప్పే సంస్థను నేనైతే ఎక్కువ నమ్ముతాను.

సుప్రీంకోర్టు చెప్పింది ఏ కుక్కల గురించి

2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలన్న ఉత్తర్వు వచ్చింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు అంది. నవంబర్ 7న ఆస్పత్రులు, బడుల వంటి ఆవరణల విషయంలో మరింత బిగించి, అక్కడ పట్టినవాటిని తిరిగి అక్కడే వదలొద్దని చెప్పింది.

ఇవన్నీ వీధికుక్కల గురించి. యజమాని వెంట గొలుసుతో, ఆస్పత్రి అనుమతితో వచ్చే కుక్క వేరు. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023 కూడా పెంపుడు జంతువులను, వీధి జంతువులను విడివిడిగా చూస్తాయి. పెంపుడు జంతువుకు టీకాలు, నట్టల మందు బాధ్యత యజమానిదే అంటాయి.

కాగితం మీద ఇంత తేటగా ఉన్నా గేటు దగ్గర వాచ్‌మన్‌కు కుక్క కుక్కే. ‘కుక్కలు లోపలికి రాకూడదు’ అని పైనుంచి నోటీసు వచ్చింది, అతను ఆపేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. ఇంకో చిక్కు కూడా ఉంది. సంస్థ దగ్గరున్నది లాబ్రడార్ అయితే వాచ్‌మన్ కాసేపు ఆలోచిస్తాడు. వీధిలోంచి తెచ్చి పెంచిన గోధుమరంగు నాటు కుక్క అయితే ఆలోచించడు. డెల్టా ఉక్కపోతకు లాబ్రడార్ కంటే మన నాటు కుక్కే బాగా తట్టుకుంటుంది, అయినా గేటు దాటడం దానికే కష్టం.

ఉదాహరణకు అమలాపురంలోని ఒక ఆస్పత్రి పిల్లల వార్డుకు నెలకు రెండుసార్లు వెళ్లే సంస్థను తీసుకుందాం. వాళ్ల ముందు మూడు దారులున్నాయి. ఆస్పత్రి పెద్దల నుంచి తేదీ, సమయం, కుక్క ఫొటో, టీకా వివరాలతో అనుమతి పత్రం తీసుకుని గేటు దగ్గర ఒక నకలు ఇవ్వడం మొదటిది. ఊరు సద్దుమణిగేదాకా వార్డుకు బదులు ఆవరణ బయట, పిల్లలు డిశ్చార్జి అయ్యాక కలవడం రెండోది. కొన్నాళ్లు మానేయడం మూడోది. మొదటిదే చట్టబద్ధంగా సరైనది, నిజమే. కానీ అదే వారం ఊళ్లో ఎవరినో కుక్క కరిచి ఉంటే, చేతిలో కాగితం ఉందని పట్టుబట్టి లోపలికి వెళ్లడం తెలివైన పని కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. భయం ఊరికే పుట్టలేదు.

ధవళేశ్వరం చెప్పే క్యాలెండర్

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల్లో పనిచేసేవాళ్లకు జులై నుంచి అక్టోబర్ దాకా క్యాలెండర్ గోడమీద ఉండదు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఉంటుంది. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకు రెండోది, 13 లక్షలు. 17.75 అడుగులకు మూడోది, 17 లక్షలు. అంతకంటే ముందే భద్రాచలంలో 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక ఇస్తారు కాబట్టి కింద ఉన్నవాళ్లకు కొంత వ్యవధి దొరుకుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది.

ఇప్పుడు ఒక సంస్థ లంకలో ఉన్న వృద్ధాశ్రమానికి ప్రతి బుధవారం ఉదయం వెళ్తుందని అనుకుందాం. దారిలో కాజ్‌వే, అంటే నదీపాయ మీద వేసిన ఎత్తు తక్కువ దారి, ఉంది. కనకాయలంక కాజ్‌వేలాంటివి ఓ మోస్తరు వరదకే మునుగుతాయి. వెళ్లేటప్పుడు పాదం తడవకపోవచ్చు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చేటప్పటికి నీరు పైకెక్కి ఉంటే మనిషీ కుక్కా అక్కడే చిక్కుకుంటారు. ఆశ్రమం వాళ్లకు తమ ముసలివాళ్లను చూసుకోవడమే పెద్ద పని, మధ్యలో వీళ్లొక బరువు. అందుకే ఎప్పుడు ఆగాలన్నది ఆ రోజు ఉదయం వాలంటీరు ధైర్యాన్ని బట్టి కాకుండా ముందే రాసిపెట్టుకుంటే మేలు. మొదటి హెచ్చరిక పడితే లంక ప్రయాణాలు బంద్, గట్టుకు ఇవతలి ఊళ్లవి మామూలుగా నడుస్తాయి. రెండోది పడితే అన్నీ బంద్, కుక్కల్ని మెరకకు చేర్చాలి. మూడోది పడితే సంస్థ పని తమవాళ్లను, తమ జంతువులను కాపాడుకోవడం వరకే.

ప్రయాణం ఆగితే కార్యక్రమం ఆగాలని లేదు. మతిమరుపు ఉన్న బామ్మగారికి బుధవారం పదింటికి వచ్చేది కుక్క ఒక్కటే కాదు. కుక్కను తెచ్చే అమ్మాయి గొంతు, ‘ఇవాళ దీనికి స్నానం చేయించాను మామ్మగారూ’ అనే కబురు కూడా వస్తాయి. ఆ అమ్మాయి అదే పదింటికి ఫోన్ చేస్తే, ఆశ్రమం ఆయా చేతిలో కుక్క ఫొటో పెట్టి స్పీకర్ ఆన్ చేస్తే, సగం పని జరుగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో చాలా దేశాల్లో సంస్థలు వీడియో కాల్స్‌తో ఇలాగే నెట్టుకొచ్చాయి. సగమే అని ఒప్పుకోవాలి. చెయ్యి లేపించే వ్యాయామం ఫోన్లో కుదరదు. ఆటిజం ఉన్న పిల్లవాడికి తెరమీద కుక్క ఏమీ అనిపించకపోవచ్చు. అలాంటివాళ్లకు ఆగిపోయిందనే చెప్పాలి, ఎప్పుడు మళ్లీ మొదలవుతుందో కూడా చెప్పాలి.

నీరు తీశాక వెంటనే పరిగెత్తడం ఇంకో పొరపాటు. వరద బురదలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వ్యాపిస్తుంది. అది మనుషులకూ కుక్కలకూ వస్తుంది, కుక్క నుంచి మనిషికీ రావచ్చు. కుక్కలకు టీకా ఉంది, కానీ మొదటిసారి వేయించేటప్పుడు కొన్ని వారాల తేడాతో రెండు డోసులు కావాలి, తర్వాత ఏటా ఒకటి. వరద వచ్చాక పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెడితే లాభం లేదు. కాలువలు కట్టేసిన వేసవిలోనే, ఏప్రిల్, మే నెలల్లో ఈ పని అయిపోవాలి.

పునరావాస కేంద్రానికి కుక్కను తీసుకెళ్లాలా

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ బలం ఉంది.

తీసుకెళ్లాలనేవాళ్లు ఇలా అంటారు. ఇల్లు మునిగి బడిలో తలదాచుకున్న పిల్లలకు ఆ సమయంలోనే ఓదార్పు కావాలి. అన్నం పొట్లాలు అందరూ తెస్తారు, పిల్లల్ని నవ్వించేవాళ్లు ఎవరున్నారు? విదేశాల్లో విపత్తుల తర్వాత కుక్కలతో వెళ్లే బృందాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. ఆ కుక్కలకు, మనుషులకు అందుకోసమే వేరే శిక్షణ ఉంటుంది. వద్దనేవాళ్ల మాట ఇది: పునరావాస కేంద్రంలో జనరేటర్ మోత, వందలమంది, వరండాలో కట్టేసిన గేదెలు, అన్నం కోసం చేరిన వీధికుక్కలు. ప్రశాంతమైన ఆశ్రమం హాల్లో ఎంతో నెమ్మదిగా ఉండే కుక్క అక్కడ బెదిరిపోతుంది. బెదిరిన కుక్క కరుస్తుంది. పైగా తమ పశువుల్ని లంకలో వదిలేసి వచ్చినవాళ్ల ముందు దువ్వి ముస్తాబు చేసిన కుక్కను నడిపిస్తే వాళ్లకెలా ఉంటుంది?

చివరి ప్రశ్న నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కేంద్రం నడిచే రోజుల్లో సంస్థ వాలంటీర్లు కుక్కలు లేకుండా వెళ్లి పశుగ్రాసం, టీకాల పనిలో చేతనైన సాయం చేసి, బడులు తెరిచాక కుక్కతో వెళ్లడం మధ్యేమార్గం. అది అందరికీ నచ్చదు. ఫొటోలు బాగా వచ్చేది మొదటి వారంలోనే, విరాళాలు కదిలేదీ అప్పుడే.

చికెన్ షాపు వ్యర్థాలు, బర్డ్ ఫ్లూ

మన ఊళ్లలో కుక్కను పెంచే చాలా ఇళ్లలో చికెన్ షాపు నుంచి మెడలు, కాళ్లు తెచ్చి పడేస్తారు, ఒక్కోసారి పచ్చివే. మామూలు రోజుల్లోనే పచ్చి మాంసం తినే కుక్క నోటిలో, మలంలో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ. వ్యాధి నిరోధకశక్తి తగ్గిన పెద్దవాళ్లకు అవి ప్రమాదం. అందుకే అమెరికాలోని పెట్ పార్ట్‌నర్స్ సంస్థ 2010లోనే పచ్చి మాంసం తినే జంతువులను సందర్శనలకు రానివ్వకూడదని నిర్ణయించింది. బర్డ్ ఫ్లూ వైరస్ పచ్చి కోడిమాంసం ద్వారా పిల్లులకు సోకడం కూడా చాలాచోట్ల చూశారు.

కాబట్టి వేల్పూరులాంటి వార్త వచ్చినప్పుడు సంస్థ చేయాల్సింది కార్యక్రమాలన్నీ రద్దు చేయడం కాదు. వాలంటీర్లందరికీ ఒకే కబురు చాలు: ఉడికించినదే పెట్టండి, కోళ్లఫారాల వైపు నడక వద్దు. ఖర్చు లేని మార్పు ఇదొక్కటే అనుకుంటా.

కుక్కే ఎందుకు

మడి కట్టుకునే మామ్మగారు కుక్కను ముట్టుకోరు. కొన్ని ముస్లిం కుటుంబాలు కుక్క నాలుక తగలడాన్ని ఇష్టపడవు. చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లకు చూస్తేనే టెన్షన్. వీళ్లను ఒప్పించాలనుకోవడం సేవ కాదు. ఆవుదూడ అంటే అదే మామ్మగారు ముందుకొచ్చి నుదురు నిమరవచ్చు. కుందేలు, మేకపిల్ల కూడా పనికొస్తాయి. జంతువును మార్చడం సర్దుబాటులో మంచి భాగమే.

దానికీ హద్దులున్నాయి. రామచిలుక అందరికీ ముందు గుర్తొచ్చే ఆలోచన. మాట్లాడుతుంది, ముద్దుగా ఉంటుంది, పంజరంలో పడుతుంది. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం దాన్ని పట్టుకుని పెంచడమే నేరం. నక్షత్ర తాబేలు సంగతీ అంతే. ఆస్పత్రుల విషయంలో అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2015లో ఇంకా కట్టుదిట్టంగా చెప్పింది: వార్డుల్లోకి కుక్కలు మాత్రమే, అదీ కనీసం ఏడాది నిండినవి, గంట మించకుండా. ఆశ్రమం వరండాలోకి దూడ రావచ్చు, వార్డులోకి రాకూడదు.

జపాన్‌వాళ్లు పారో అనే, సీల్ జంతువు ఆకారపు రోబోను తయారుచేసి వృద్ధాశ్రమాల్లో వాడుతున్నారు. టీకా అక్కర్లేదు, కరవదు. మన చిన్న సంస్థలకు అందే ధర కాదు.

పలకరింపులు తగ్గినా తిండి ఖర్చు తగ్గదు

సంస్థలు కుప్పకూలేది చాలాసార్లు వరదకు కాదు, వరద నెలలో ఖాతాకు. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. సంస్థకు సొంతంగా రెండు కుక్కలున్నాయి. తిండి, మందులు, చూసుకునే మనిషి కలిపి నెలకు 12,000 రూపాయలు. ఒక్కో ప్రయాణానికి పెట్రోలు, ఆటో 600. మామూలు నెలలో 20 సందర్శనలు చేస్తే మొత్తం 24,000, ఒక్కోదానికి 1,200 పడుతుంది. వరద నెలలో 8 మాత్రమే జరిగితే మొత్తం 16,800. ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది, కానీ ఒక్కోదానికి 2,100 పడింది.

దాత ‘ఒక్కో సందర్శనకు 1,200 ఇస్తాను’ అని ఒప్పుకుని ఉంటే ఆ నెల వచ్చేది 9,600. లోటు 7,200. అందుకే జంతువుల పోషణకు ఏడాది నిధి ఒకటి, ప్రయాణాలకు ఇంకొకటి అని విడిగా అడగడం మేలు. దాతకు ఇది నచ్చచెప్పడం కష్టం. ఎక్కువమందికి ‘ఎంతమంది పిల్లల్ని కలిశారు’ అన్న అంకె కావాలి, కుక్క తిన్న అన్నం లెక్క కాదు.

బ్రిటన్‌లో 1983లో మొదలైన పెట్స్ యాజ్ థెరపీ సంస్థది ఇంకో దారి. వాలంటీర్లు తమ ఇంటి కుక్కనే తెస్తారు, సంస్థ పరీక్షించి అనుమతిస్తుంది. పోషణ భారం సంస్థమీద ఉండదు, ఆగినా లేచినా తట్టుకుంటుంది. మరి ఏ రోజు ఎవరు వస్తారన్న భరోసా తక్కువ. నాట్ల సీజన్లో, పెళ్లిళ్ల సీజన్లో, సంక్రాంతికి వాలంటీర్లు దొరకరు. సంక్రాంతికి దొరక్కపోవడమే నయం, ఆ మూడు రోజుల కోడిపందేల బరులు, మైకులు, జనం మధ్య కుక్కను తిప్పకూడదు. దీపావళి వారమూ అంతే.

విరాళాల తీరు కూడా మారింది. 80జీ రసీదు చూపి పన్ను తగ్గించుకునే అవకాశం కొత్త పన్ను విధానంలో లేదు. 2023-24 నుంచి ఆ విధానమే డిఫాల్ట్ అయింది కాబట్టి జీతగాళ్లయిన చిన్న దాతలకు ఆ రసీదు ఆకర్షణ తగ్గింది. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు వెళ్లాలంటే 2021 ఏప్రిల్ నుంచి సంస్థ ముందుగా సీఎస్‌ఆర్-1 నమోదు చేయించుకోవాలి. చమురు, గ్యాస్ కంపెనీలు తిరిగే మన తీరంలో ఆ తలుపు తట్టని సేవాసంస్థ ఉండదు, వరుస పొడవు.

ఆఫీసులూ మారాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు రావడంతో అంతకుముందు కాకినాడ, ఏలూరు చుట్టూ తిరిగినవాళ్లు అమలాపురం, భీమవరం వెళ్లాల్సి వచ్చింది. భవిత కేంద్రాల్లోకి వెళ్లడానికి పాత జిల్లా అధికారి ఇచ్చిన లేఖ ఉందంటే సరిపోదు. కొత్త అధికారికి ఈ పనేమిటో మొదటినుంచీ చెప్పాలి.

మనిషి వెళ్లిపోతే కుక్కను ఇంకొకరికి ఇవ్వవచ్చా

డెల్టాలో వాలంటీర్లు ఎక్కువగా డిగ్రీ, బీటెక్ పిల్లలు. రెండేళ్లు చేస్తారు, హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. కుక్క అమ్మానాన్నల దగ్గర ఉండిపోతుంది. ‘కుక్క ఉంది కదా, ఇంకెవరైనా తీసుకెళ్తారు’ అనిపిస్తుంది. ఈ రంగంలో పరీక్షించేది కుక్కను ఒక్కదాన్ని కాదు, కుక్కను, దాన్ని పట్టుకునే మనిషిని జతగా. పెట్ పార్ట్‌నర్స్ వంటి సంస్థలు ఆ జతను రెండేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తాయి. కుక్క చెవులు వెనక్కి వాలినా, పదేపదే ఆవలించినా, పెదవులు నాక్కున్నా అలసిందని గుర్తుపట్టేది ఆ మనిషే. కొత్త మనిషికి ఆ చూపు అలవడాలంటే కొన్ని వారాలు ఇంట్లో, వీధిలో కలిసి నడవాలి, తర్వాత ఒక ఖాళీ గదిలో పరీక్ష, ఆ తర్వాతే ఆశ్రమం. ఈలోగా బుధవారం పదింటికి ఫోనే. ఆ ఫోన్ హైదరాబాద్ వెళ్లిన అమ్మాయి అక్కడినుంచే చేయవచ్చు.